కలకత్తా వనంలో తెలుగు పేర్లు: విలియం రాక్స్‌బర్గ్ జీవిత విశేషాలు

బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాల నుండి కలకత్తా చూడబోయిన మనవారు సాధారణంగా కాళీఘాటు, దక్షిణేశ్వరం, హౌరా వంతెన చూసుకొని వస్తారు. ఇంకొక పూట మిగిలితే పెద్ద మర్రిచెట్టు మాట వస్తుంది. ఆ మర్రి హుగ్లీ నదికి పడమటి ఒడ్డున, హౌరాకు చేరిన శిబ్‌పూర్‌లో ఉన్నది. అది ఉన్న తోటను 1787లో ఈస్టిండియా కంపెనీ నెలకొల్పింది. 2009 నుండి ఆ ఉద్యానం ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ పేరుతో వ్యవహరింపబడుతున్నది. విస్తీర్ణం 273 ఎకరాలు. మన ఊళ్ళ మీదుగా పోయే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ 2022 నుండి హౌరాకు బదులు షాలిమార్ స్టేషనులో ఆగుతున్నది కనుక, అక్కడ దిగినవారికి తోట మరీ దగ్గర.

మర్రిచెట్టుకు ఇప్పుడు మొదలు లేదు. 1864, 1867 సంవత్సరాల తుపానులకు దెబ్బతిని, తరువాత బూజు తెగులు సోకి కుళ్ళిపోవడంతో 1925లో మూల కాండాన్ని కోసివేశారు. అయినా మూడు వేలకు మించిన ఊడలు నేలలో దిగి, ఒక్కొక్కటి ఒక్కొక్క మానుగా నిలిచి, చెట్టును సుమారు నాలుగున్నర ఎకరాల మేర మోస్తున్నాయి. చుట్టూ తిరగడానికి బాట ఉన్నది. యాత్రికులు ఆ బాట చుట్టి, ఫొటోలు తీసుకొని, చెరువులో పళ్ళేల వంటి ఆకులతో తేలే విక్టోరియా కలువను చూసి వెనుదిరుగుతారు. ఇంత దూరం పోయిన తెలుగు కుటుంబం అక్కడ తెలుసుకోవలసిన సంగతి మరొకటి ఉన్నది. ఆ తోటను తోటగా తీర్చిదిద్దిన మనిషి అంతకుముందు పన్నెండేండ్లు మన సామర్లకోటలో ఉన్నారు. చెట్ల విద్యలో చాలా భాగాన్ని ఆయన అక్కడే, తెలుగువారిని అడిగి నేర్చుకున్నారు. ఆయన పేరు విలియం రాక్స్‌బర్గ్. భారతీయ వృక్షశాస్త్ర పితామహుడని శాస్త్రజ్ఞులు పిలిచేది ఆయననే.

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లాండు దేశంలోని ఎయిర్‌షైర్‌లో జన్మించారు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో వైద్యం చదివారు. ఆ కాలపు వైద్యునికి మందులంటే ఎక్కువ భాగం మొక్కలే కనుక వృక్షశాస్త్రం కూడా నేర్పేవారు. అక్కడ జాన్ హోప్ అనే ఆచార్యుడు ఆయనకు మొక్కల మీద అభిరుచి కలిగించాడు. కంపెనీ ఓడలలో సహాయ వైద్యునిగా సముద్రయానాలు చేసిన తరువాత, 1776లో మద్రాసులో కంపెనీ వైద్యశాఖలో చేరారు.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. ఎక్కడ ఉన్నా ప్రతిదినం నియమంగా గాలి ఒత్తిడి, వేడిమి, వాన, గాలి దిక్కు కొలిచి పుస్తకంలో రాసుకొనేవారు. మద్రాసు సెయింట్ జార్జి కోటలో ఉండి రాసిన వాతావరణ దినచర్యను లండనులోని రాయల్ సొసైటీ 1778లో ప్రచురించింది. ఇరవై ఏడేండ్ల సహాయ వైద్యునికి అది చిన్న గౌరవం కాదు. తరువాత కావేరి ముఖద్వారం వైపు నాగూరులో కొంతకాలం పనిచేశారు. 1781లో ఉత్తర సర్కారులకు బదిలీ అయి, సామర్లకోట దండులో వైద్యునిగా చేరారు.

సామర్లకోట అప్పటికి చిన్న ఊరు. కోట, అందులో కంపెనీ సిపాయిలు, దక్షిణాన కాకినాడ, కోరంగి రేవులు, ఉత్తరాన ఏలేరు నీటితో పండే పెద్దాపురం, పిఠాపురం జమీందారీలు, ఆపైన రంప కొండలు. మొక్కలు వెదికేవానికి ఇంతకన్న అనువైన చోటు దొరకదు. ఒకరోజు ప్రయాణంలో ఉప్పుటేరుల మడ అడవి, వరి మాగాణి, చెరకు తోట, మెట్ట, కొండ అడవి అన్నీ చేరువలో ఉన్నాయి. దండులోని రోగులను చూసుకొన్న తరువాత మిగిలిన కాలమంతా ఆయన మొక్కలకే వినియోగించారు. అక్కడ ఒక తోట వేశారు. కాఫీ, దాల్చిన, జాజి, సీమపనస, మల్బరీ, జాఫ్రా, బక్కపు చెక్క చెట్టు వంటివి అందులో పెంచి చూశారు. కొండలలో అడవి మిరియపు తీగె ఉన్నదని తెలిసి దానిని తెప్పించి నాటించారు. కంపెనీకి మిరియం మీద ఎంత ఆశ ఉండేదో చెప్పనక్కరలేదు. మలబారు తీరంలో హైదర్ అలీ, టిప్పు సుల్తానులతో యుద్ధాలు జరుగుతున్న రోజులలో, గోదావరి వైపు మిరియం పండితే కంపెనీకి పెద్ద ఊరట. కాని ఆ మిరియపు తోట ఆశించిన ఫలం ఇవ్వలేదు.

ఆయన కంపెనీ జీతగాడు. మొక్కను చూడగానే అది ఏ సరుకు అవుతుంది, ఓడకెక్కితే ఎంత వస్తుంది అనే ప్రశ్న ఆయన రాతలలో తరచుగా కనిపిస్తుంది. ఈ విషయాన్ని దాచి ఆయన జీవితం రాయడం సరి కాదు. అయితే ఆ ప్రశ్నకు జవాబు వెదుకుతూ ఆయన చేసిన పని వేరొక విలువను సంపాదించింది. అంకుడు చెట్టునే తీసుకోండి. దాని కర్రతో విశాఖ వైపు ఏటికొప్పాకలో నేటికీ లక్క బొమ్మలు చేస్తారు. ఆ ఆకుల నుండి నీలిమందు తీయవచ్చునని రాక్స్‌బర్గ్ ప్రయోగాలు చేసి చూపారు. మచిలీపట్నం అద్దకపు వస్త్రాలకు ఎర్రరంగు ఇచ్చే చిరివేరు మొక్కను బొమ్మతో సహా వర్ణించారు. ఏలేరు తీరపు రైతులు చెరకు ఎలా నాటుతారు, గానుగ ఎలా ఆడతారు, బెల్లం ఎలా వండుతారు అన్నది వివరంగా రాశారు. ఒకే నేలలో ఏటేటా చెరకు వేయక, మార్చి మార్చి వేసే వారి పద్ధతిని కూడా గమనించారు. తెలుగు రైతు సేద్యాన్ని ఇంత దగ్గరగా చూసి రాసిన రచనలు ఆ కాలంలో అరుదు.

అన్నింటికన్న ముఖ్యమైనది పేర్ల సంగతి. కొత్త మొక్క కనబడగానే రాక్స్‌బర్గ్ దాని తెలుగు పేరు అడిగి రాసుకొనేవారు. ఆయన పుస్తకాలలో మొక్క వర్ణన పక్కనే తెలుగు పేరు రోమను లిపిలో ఉంటుంది. దాని కర్ర దేనికి వాడతారు, పండు తింటారా, బెరడు ఏ జబ్బుకు మందు, పశువు మేస్తుందా అన్న వివరాలూ ఉంటాయి. ఇవి ఏ గ్రంథాలయంలోనూ దొరికేవి కావు. కట్టెలు కొట్టేవారు, పసుల కాపరులు, నాటు వైద్యులు, కొండజనం చెబితేనే తెలిసేవి.

కొన్ని తెలుగు పేర్లు శాస్త్రంలోనే స్థిరపడిపోయాయి. మన మెట్ట అడవులలోని సండ్ర చెట్టుకు ఆయన పెట్టిన శాస్త్రీయనామంలో సుంద్రా అనే మాట ఆ సండ్రయే. కరల్లి అని మనవారు పిలిచే చెట్టు నుండి కరల్లియా అనే ప్రజాతి పేరు పుట్టింది. ప్రపంచంలో ఏ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడైనా ఆ చెట్ల కుటుంబాన్ని ఆ పేరుతోనే పిలవాలి. సోమిద చెట్టు బెరడు జ్వరాలకు పనిచేస్తుందని గమనించి, దక్షిణ అమెరికా నుండి ఎంతో ధర పెట్టి తెప్పించే సింకోనా పట్టకు బదులు దీనిని వాడవచ్చునని ఆయన 1793లో ఒక చిన్న పుస్తకం ప్రచురించారు. తరువాత మరొక శాస్త్రజ్ఞుడు ఆ చెట్టుకు వేరు ప్రజాతి ఏర్పరచి సోయ్‌మిడా అని పేరు పెట్టాడు. అది కూడా తెలుగు మాటే.

సరిహద్దు ఊళ్ళవారికి మరొక ఉదాహరణ చెబితే ఇంకా దగ్గరగా ఉంటుంది. బీడీలు చుట్టే తునికాకు చెట్టును ఒడిశాలో కెందు అంటారు, మహారాష్ట్రలో తెందు అంటారు. ఇప్పచెట్టు ఒడియాలో మహుల, మరాఠీలో మోహ, కన్నడంలో ఇప్పె, తమిళంలో ఇలుప్పై. ఒకే ఊరి సంతలో ఒకే చెట్టుకు రెండు మూడు పేర్లు వినబడటం మనకు నిత్యానుభవం. తునికిని శాస్త్రలోకానికి వర్ణించి పేరు పెట్టినది రాక్స్‌బర్గే. నల్లని కర్ర గలదని ఆ పేరుకు అర్థం. ఇప్పచెట్టునూ ఆయన బొమ్మ గీయించి వర్ణించారు.

బొమ్మలు గీసినవారిని గూర్చి కూడా చెప్పాలి. సామర్లకోటలో ఉండగా ఆయన భారతీయ చిత్రకారులను కుదుర్చుకొన్నారు. కొమ్మను ఎదురుగా పెట్టుకొని, ఆకు, పువ్వు, కాయ ఉన్నవి ఉన్నట్లు గీసి, పువ్వును విడదీసి లోపలి కేసరాలను, అండాశయాన్ని విడివిడిగా చూపుతూ రంగులు వేసేవారు. ఆ తరువాత కలకత్తాలోనూ ఈ పని సాగి, మొత్తం చిత్రాలు రెండున్నర వేలు దాటాయి. వాటి ప్రతులు ఒక వరుస కలకత్తా తోటలో, ఒక వరుస లండను దగ్గరి క్యూ ఉద్యానంలో భద్రంగా ఉన్నాయి. అచ్చయిన గొప్ప గ్రంథంలో మాత్రం ఆ చిత్రకారుల పేర్లు లేవు. మొక్కలు చూపినవారి పేర్లూ లేవు. గవర్నరు జనరలు జాన్ షోర్ పేరు సాలవృక్షానికి దక్కింది, బ్యూట్ ప్రభువు పేరు మోదుగకు దక్కింది. విస్తళ్ళు కుట్టే సాలాకులోనూ, హోలీకి రంగు తీసే మోదుగ పూవులోనూ ఇద్దరు దొరల పేర్లు శాస్త్రరీత్యా ఉన్నాయి. సామర్లకోట చిత్రకారుడొకని పేరు ఒక గడ్డిపరకకైనా పెట్టి ఉంటే ఎంత బాగుండేదో.

రాక్స్‌బర్గ్ ఒంటరిగా పనిచేయలేదు. స్వీడను దేశపు మహాశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ శిష్యుడైన కోనిగ్ తమిళనాడులోని తరంగంబాడి నుండి తీరమంతా తిరిగి మొక్కలు సేకరించినవాడు. ఆయన 1785లో కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో మరణించాడు. కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా ఆయన స్థానంలోకి పాట్రిక్ రస్సెల్ వచ్చాడు. విశాఖపట్నంలో ఉండి పాములను పరిశీలించిన ఈ రస్సెల్ పేరే మన రక్తపింజరకు శాస్త్రంలో ఉన్నది. తీరపు మొక్కల బొమ్మలతో ఒక పెద్ద పుస్తకం వేయాలన్న సూచన రస్సెల్‌దే. ఆయన స్వదేశం వెళ్ళిన తరువాత ఆ పదవి, ఆ పని రాక్స్‌బర్గ్‌కు వచ్చాయి.

ఈలోగా రెండు పెద్ద ఆపదలు వచ్చాయి. మొదటిది 1787 మే నెల తుపాను. యానాం పక్కనున్న ఇంజరం, కోరంగి ప్రాంతాలను సముద్రం ముంచెత్తింది. వేలమంది ప్రాణాలు పోయాయి. రాక్స్‌బర్గ్ అంతవరకు సేకరించిన మొక్కలు, పుస్తకాలు, కాగితాలు ఆ వరదలో నాశనమయ్యాయి. పదేండ్ల శ్రమ పోయిన తరువాత మళ్ళీ మొదటి ఆకు నుండి మొదలుపెట్టడం ఎవరికైనా కష్టమే. ఆయన మొదలుపెట్టారు. నేడు మనం చూసే సామర్లకోట కాలపు పనిలో ఎక్కువ భాగం ఆ తరువాతి ఆరేండ్లలో జరిగినది.

రెండవది కరువు. 1789 మొదలు వానలు తప్పాయి. 1792 వరకు గంజాం నుండి గుంటూరు దాకా ఉత్తర సర్కారులు అల్లాడిపోయాయి. అప్పటికి గోదావరి మీద ఆనకట్ట లేదు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి కావడానికి ఇంకా అరవై ఏండ్లున్నది. నది నిండుగా సముద్రంలో కలుస్తున్నా దాని ఒడ్డునే జనం ఆకలితో చనిపోయారు. రాక్స్‌బర్గ్ తన వానకొలతలు ఆపలేదు. వానలు ఏ యేడు ఎంత తగ్గాయో అంకెలతో రాసి ఉంచారు. సుమారు నూరేండ్ల క్రిందట ఆ ప్రాంతంలోనే వచ్చిన మరొక మహా కరువును గూర్చి అక్కడివారి ద్వారా విన్న వృత్తాంతాన్ని కూడా నమోదు చేశారు. ఆ కొలతలకు రెండు వందల ఏండ్ల తరువాత కొత్త విలువ వచ్చింది. రిచర్డ్ గ్రోవ్ అనే చరిత్రకారుడు వాటిని ఇతర దేశాల రికార్డులతో పోల్చి, 1789 నుండి 1793 దాకా సాగిన ఎల్ నినో ప్రభావమే ఆ కరువుకు కారణమని 1998లో చూపాడు.

ఆ రోజులలో ఆయన దృష్టి సరుకుల నుండి తిండి వైపు మళ్ళిందని చెప్పవచ్చు. వరి, జొన్న ఎండిపోయినా చెట్టు ఒక్క ఏటి అనావృష్టికి చావదు. కనుక ఊళ్ళ చుట్టూ, కాలువ గట్ల మీద కొబ్బరి, పనస, సీమపనస, సగ్గు చెట్టు వంటి ఆహారమిచ్చే చెట్లు విరివిగా నాటించాలని ఆయన ప్రభుత్వానికి సూచించారు. కోరంగి వైపు ఇసుక నేలలలో పెరిగే చిట్టీతను గూర్చి ఆయన రాసినది చదివితే మనసు బరువెక్కుతుంది. మనిషి నడుము ఎత్తు కూడా లేని ఈత అది. దాని ఆకులతో చాపలు, మొదటి ఈనెలతో బుట్టలు అల్లుతారు. తిండి కరవైన ఏండ్లలో పేదలు దాని చిన్న కాండాన్ని చీల్చి, లోపలి పిండి పదార్థాన్ని దంచి, జల్లించి, గంజి కాచుకొని తాగేవారు. ఆ పిండిని సూచించే పేరే ఆయన ఆ మొక్కకు పెట్టారు. ఇప్పపూవు తిని ప్రాణం నిలుపుకొన్న కుటుంబాల సంగతులు మన ఏజెన్సీ గ్రామాలలో ముసలివారు చెప్పగా విన్నవారికి ఇది కొత్త కాదు.

1790ల తొలి ఏండ్లలో ఆయన లండనుకు పంపిన చిత్రాలు అయిదు వందలు. ఇంగ్లండులో ప్రఖ్యాత శాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్యాంక్స్ వాటి నుండి మూడు వందలు ఎంచి అచ్చు వేయించాడు. కోరమాండల్ తీరపు మొక్కలు అనే అర్థం వచ్చే పేరుతో ఆ గ్రంథం 1795లో మొదలై 1820 నాటికి మూడు పెద్ద సంపుటాలుగా పూర్తయింది. బురదనీటిని తేర్చే చిల్లగింజ, విషపు ముషిణి, బంక కారే తబసి, తునికి, ఇప్ప అన్నీ అందులో ఉన్నాయి. పాతకాలపు ఇళ్ళలో కుండ లోపలి అంచుకు చిల్లగింజ అరగదీసి నీళ్ళు పోసేవారు. ఆ పద్ధతి ఆ రాజోపేతమైన గ్రంథంలోకి ఎక్కింది.

1793లో కలకత్తా తోట స్థాపకుడు కర్నలు రాబర్ట్ కిడ్ మరణించాడు. కిడ్ సైనికుడు. 1770 నాటి బెంగాలు మహా కరువు తరువాత, తిండికీ వర్తకానికీ పనికివచ్చే మొక్కలు పెంచాలని తోట ఆలోచన చేసినవాడు. ఆయన తరువాత తోట నడపడానికి శాస్త్రం తెలిసినవాడు కావలసి వచ్చి, కంపెనీ రాక్స్‌బర్గ్‌ను పిలిపించింది. ఆ యేడు చివరిలో ఆయన సామర్లకోట విడిచి కలకత్తా చేరారు. జీతం మీద పనిచేసిన మొదటి పర్యవేక్షకుడు ఆయనే.

సామర్లకోట తోట బెంజమిన్ హెయిన్ అనే మరొక వైద్యుని చేతికి వచ్చింది. 1799లో టిప్పు పతనమయ్యాక హెయిన్ మైసూరు వైపు వెళ్ళాడు, బెంగుళూరు లాల్‌బాగ్ ఆయన ఆధీనంలోకి వచ్చింది. దానితో సామర్లకోట తోట ప్రాముఖ్యం తగ్గిపోయింది. కోలారు, బళ్ళారి వైపు మన పాఠకులు ఏటా లాల్‌బాగ్ పూల ప్రదర్శనకు వెళ్తుంటారు. ఆ తోట చరిత్రలో కూడా సామర్లకోట నుండి వెళ్ళిన ఒక మనిషి ఉన్నాడని వారికి తెలిస్తే సంతోషిస్తారు.

కలకత్తాలో రాక్స్‌బర్గ్ ఇరవై ఏండ్లు పనిచేశారు. ఆయన వచ్చేనాటికి తోటలో ఉన్న మొక్కల రకాలు సుమారు 300. ఆయన వెళ్ళేనాటికి సుమారు 3,500. సుమత్రా, మొలుక్కా దీవులు, సిల్హెట్, వెస్టిండీస్, ఇలా ఎక్కడెక్కడి నుండో విత్తులు, అంట్లు వచ్చేవి. వెస్టిండీస్ మహాగని 1795లో ఈ తోటకు చేరింది. మనదేశంలో నేడు కనబడే మహాగని సాగుకు మొదలు అక్కడే. కంపెనీ ఓడల కోసం నాటించిన టేకు మాత్రం బెంగాలు నేలలో మంచి కలప కాలేదు. టేకు ఉన్న భాగాన్ని తరువాత బిషప్ కళాశాలకు ఇచ్చివేశారు. రబ్బరు మర్రిని వర్ణించి పేరు పెట్టినదీ ఆయనే. మొండిగా ఒక్కొక్క ఆకు ఒక్కొక్క ఆకారంలో ఉండే పిచ్చి చెట్టు అని యాత్రికులు వింతగా చూసే చెట్టు ఒకటి తోటలో ఉన్నది. అది ఆయన వర్ణించిన ఒక జాతిలోని వికృత రకం.

నార మొక్కల మీద ఆయన ఎన్నో ప్రయోగాలు చేశారు. జనుము, గోగు, జనపనార మొదలైన నారలతో తాళ్ళు పేని, బరువులు వేలాడదీసి, ఏది ఎంతకు తెగుతుందో కొలిచి పట్టికలు రాశారు. 1795లో ఒక బేలు జనపనారను జూట్ అనే పేరుతో కంపెనీ డైరెక్టర్లకు పంపారు. అప్పుడు దానిని పెద్దగా పట్టించుకొన్నవారు లేరు. అరవై ఏండ్ల తరువాత, 1855లో, హుగ్లీ ఒడ్డున రిష్రాలో మొదటి జనపనార మిల్లు వచ్చింది. ఆ తరువాత గంజాం, శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుండి వేల తెలుగు కుటుంబాలు ఆ మిల్లులలో కూలికి వెళ్ళి అక్కడే స్థిరపడ్డాయి. చటకల్ అనే మాట వినని ఇల్లు ఆ ప్రాంతంలో అరుదు. ఆ తోట ఎదుటి నది ఒడ్డునే మన కుటుంబాల మూడు నాలుగు తరాల చెమట ఉన్నది.

తోట చూడబోయేవారు మర్రిచెట్టు దగ్గర ఆగిపోకుండా నది వైపు కూడా నడవాలి. అక్కడ రాక్స్‌బర్గ్ నివసించిన పెద్ద ఇల్లు ఉన్నది. 1790లలో కట్టినది. ఎన్నో ఏండ్లు ఆలనాపాలనా లేక శిథిలమయింది. తోటలో కిడ్ స్మారకం ఒకటి, రాక్స్‌బర్గ్ స్మారకం ఒకటి ఉన్నాయి. మొక్కలను ఎండబెట్టి కాగితాలకు అంటించి భద్రపరిచే కేంద్రీయ హెర్బేరియం కూడా ఆ ఆవరణలోనిదే. అందులో సుమారు ఇరవై లక్షల నమూనాలున్నాయి. పిల్లలను వెంట తీసుకొని వెళ్ళినవారు చెట్ల పేర్ల పలకలను చదివించాలి. శాస్త్రీయనామం చివర రాక్స్‌బ్. అని పొట్టిగా ఉంటే, ఆ చెట్టును మొదట వర్ణించినది ఈయనే అని గుర్తు. ఈ గుర్తు లాల్‌బాగ్‌లో కనబడుతుంది, ఏ అటవీశాఖ నర్సరీలోనైనా కనబడుతుంది. అయితే ఆయన కాలపు చెట్లు ఎన్నో ఇప్పుడు లేవు. 1864 తుపాను తోటలో సగానికి మించిన చెట్లను పడగొట్టింది. 2020 మేలో అంఫాన్ తుపాను మర్రి ఊడలను సైతం విరిచింది.

బెంగాలు నేల తేమ ఆయన ఆరోగ్యానికి పడలేదు. మధ్యలో స్వదేశానికి వెళ్ళి వచ్చారు. ఆఫ్రికా దక్షిణాన కేప్‌లో కొంతకాలం ఉన్నారు. ఎక్కడ ఉన్నా మొక్కల సేకరణ మానలేదు. 1813లో, అరవై రెండేండ్ల వయసులో, పూర్తిగా క్షీణించిన ఆరోగ్యంతో కలకత్తా విడిచారు. దారిలో సెయింట్ హెలీనా దీవిలో ఆగి, ఆ దీవి మొక్కల జాబితా తయారు చేశారు. తరువాతి కాలంలో అక్కడి మొక్కలు కొన్ని అంతరించిపోవడంతో ఆ జాబితా నేటికీ శాస్త్రజ్ఞులకు పనికివస్తున్నది. 1815లో ఎడింబరోలో కన్నుమూశారు. గ్రేఫ్రయర్స్ శ్మశానంలో ఆయన సమాధి ఉన్నది.

వెళ్ళేముందు ఆయన తన జీవితకాలపు రాతప్రతులను శ్రీరాంపూర్‌లోని మిత్రుడు విలియం కేరీకి అప్పగించారు. కేరీ మతబోధకుడు, బహుభాషావేత్త, తోటలంటే ప్రాణమిచ్చేవాడు. కుంభి చెట్టుకు రాక్స్‌బర్గ్ ఆయన పేరే పెట్టారు. కలకత్తా తోటలోని మొక్కల పట్టికను కేరీ 1814లో శ్రీరాంపూర్ ముద్రణాలయంలో అచ్చు వేశాడు. కేరీ రాసిన తెలుగు వ్యాకరణం కూడా ఆ యేడే అక్కడే వెలువడింది. భారతదేశపు మొక్కల వర్ణనలతో కూడిన ప్రధాన గ్రంథం ఫ్లోరా ఇండికాను తోట కొత్త పర్యవేక్షకుడు వాలిచ్‌తో కలిసి 1820లో ప్రారంభించినా, రెండు సంపుటాలతో ఆ పని ఆగిపోయింది. రాక్స్‌బర్గ్ కుమారుల పూనికతో, వాలిచ్ చేర్పులు లేకుండా, తండ్రి రాసినది రాసినట్లుగా మూడు సంపుటాలు 1832లో బయటికి వచ్చాయి. అప్పటికి కేరీకి డెబ్బై దాటాయి. పువ్వులు పూయని ఫెర్న్ జాతి మొక్కల భాగం మాత్రం అప్పటికీ మిగిలిపోయింది. గ్రిఫిత్ అనే మరొక శాస్త్రజ్ఞుడు దానిని 1844లో కలకత్తా పత్రికలో అచ్చు వేయించాడు.